టికెట్టు ఉన్నా సీటు లేదన్నారు
ఐడా బి. వెల్స్ జీవితం



వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే మనలో చాలామంది ముందుగా తిరగేసేది మహనీయుల జీవిత చరిత్ర ఉన్న పేజీ. అంబేద్కర్ గారి గురించి, పూలే, సావిత్రీబాయి దంపతుల గురించి ఎంత చదివినా మనకు తనివి తీరదు. ఈసారి వారి పక్కన నిలబెట్టదగిన ఒక అమెరికా నల్లజాతి మహిళను మీకు పరిచయం చేస్తున్నాం. ఆమె పేరు ఐడా బి. వెల్స్. గొప్ప పత్రికా రచయిత్రిగా ఆమె లోకానికి తెలుసు. కానీ ఆమె పోరాటం మొదలైంది ఒక రైలు పెట్టెలో.

1901లో బాలుడైన భీమ్‌రావు తోటి పిల్లలతో కలిసి తండ్రిని చూడటానికి బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగితే, మహర్ పిల్లలని తెలిసి బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి బండి తామే తోలుకున్నారు. బండివాడు పక్కన నడిచాడు. చేతిలో డబ్బున్నా ఎక్కనివ్వకపోవడం ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. ఐడా కథ దానికి 18 ఏళ్ల ముందు, మరో ఖండంలో జరిగింది.

ఐడా 1862 జూలై 16న మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్‌లో బానిస కుటుంబంలో పుట్టింది. తండ్రి వడ్రంగి, తల్లి వంటమనిషి. బానిసత్వం పోయాక ఆ తల్లిదండ్రులు పిల్లల చదువునే ఆస్తి అనుకున్నారు. 1878లో ఆ ఊరికి ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం వచ్చింది. తల్లి, తండ్రి, పసివాడైన తమ్ముడు కొద్ది రోజుల్లోనే చనిపోయారు. అప్పుడు ఐడా నాయనమ్మ ఊళ్లో ఉంది. వయసు 16 ఏళ్లు. వెళ్లవద్దని అందరూ చెప్పారు. ప్రయాణికుల రైళ్లు కూడా ఆగిపోయాయి. అయినా ఆమె గూడ్సు రైలెక్కి ఇంటికి చేరింది. ఆమె కూర్చున్న గార్డు పెట్టెకు నల్లగుడ్డ కట్టి ఉంది. ఆ పెట్టెలో అంతకుముందు పనిచేసిన ఇద్దరు కండక్టర్లు అదే జ్వరంతో పోయారు.

మిగిలిన పిల్లలను తలా ఒక ఇంటికి పంచుదామని పెద్దలు నిర్ణయించారు. ఐడా ఒప్పుకోలేదు. పెద్దదానిలా కనిపించడానికి గౌను పొడవు పెంచుకుని, పరీక్ష రాసి పల్లెటూరి బడిలో పంతులమ్మ అయింది. జీతం నెలకు 25 డాలర్లు. బడి ఆరు మైళ్ల దూరం. వారాంతంలో కంచరగాడిద మీద ఇంటికి వచ్చి బట్టలుతికి, వంట చేసిపెట్టి మళ్లీ బడికి వెళ్లేది. తల్లిదండ్రులు లేక హాస్టల్లో పెరిగిన మన మిత్రులు కొందరికి ఈ బతుకు కొత్తగా అనిపించదు.

తరువాత ఆమె టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు మారింది. బడి ఊరి బయట ఉంది. రైల్లో వెళ్లి రావాలి. ఆ రోజుల్లో రైళ్లలో ఆడవాళ్ల కోసం ఒక ప్రత్యేకమైన పెట్టె ఉండేది. ఇంకో పెట్టెలో పొగ తాగేవాళ్లు, మందు తాగేవాళ్లు కూర్చునేవారు. ఒంటరి స్త్రీకి రక్షణ కోసమే ఆ లేడీస్ పెట్టె పెట్టామనేవారు. అయితే ఆ లేడీస్ అన్న మాటలో నల్లజాతి స్త్రీ ఉందా లేదా? ఆ ప్రశ్నను ఐడా కోర్టుదాకా తీసుకువెళ్లింది.

1883 సెప్టెంబరు 15న ఫస్టుక్లాసు టికెట్టు కొనుక్కుని ఆమె లేడీస్ పెట్టెలో కూర్చుంది. కండక్టర్ వచ్చి, పొగతాగేవాళ్ల పెట్టెలోకి పొమ్మన్నాడు. ఆమె కదలలేదు. చెయ్యి పట్టి లాగితే ఆ చేతిని కొరికింది. కాళ్లు ముందు సీటుకు తన్నిపెట్టి కూర్చుంది. అతడు మరో ఇద్దరిని పిలుచుకొచ్చాడు. ముగ్గురు మగవాళ్లు కలిసి ఆమెను ఈడ్చారు. బట్టలు చిరిగాయి. పెట్టెలోని తెల్లవాళ్లు, ఆడవాళ్లతో సహా, సీట్లెక్కి చూస్తూ చప్పట్లు కొట్టారు. ఆ రెండో పెట్టెలో కాలుపెట్టడం ఇష్టంలేక ఆమె రైలు దిగిపోయింది. అప్పటికి ఆమె వయసు 21 ఏళ్లు.

ఇంటికి వెళ్లి ఏడుస్తూ కూర్చోలేదు. రైలు కంపెనీ మీద దావా వేసింది. ఆమె పెట్టుకున్న మొదటి లాయరు నల్లజాతివాడే. కంపెనీ అతన్ని కొనేసిందని ఐడా తన ఆత్మకథలో రాసుకుంది. ఆమె లాయరును మార్చింది. 1884 డిసెంబరులో కోర్టు ఆమెకు 500 డాలర్లు ఇప్పించింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 1887 ఏప్రిల్‌లో టెనెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రెండు పెట్టెలూ ఒక్కలాంటివేననీ, ఈమె కంపెనీని వేధించడానికే కేసు వేసిందనీ తేల్చింది. పైగా ఖర్చుల కింద ఆమె నెత్తిన 200 డాలర్లకు పైగా పడ్డాయి. చట్టం తన జాతికి న్యాయం చేస్తుందన్న నమ్మకం ఆ రోజు విరిగిందని డైరీలో బాధపడింది.

కేసు ఓడింది కానీ ఐడా ఓడలేదు. ఆ కేసు గురించి ఒక చిన్న పత్రికకు రాసిన వ్యాసంతోనే ఆమె రచనా జీవితం మొదలైంది. 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికలో భాగస్వామి అయింది. నల్లపిల్లల బడుల దుస్థితి గురించి రాసినందుకు 1891లో ఉద్యోగం పోయింది. 1892 మార్చిలో ఆమె మిత్రుడు, పోస్టుమ్యాన్ అయిన థామస్ మాస్‌నూ, మరో ఇద్దరినీ తెల్లమూక జైలు నుంచి ఎత్తుకెళ్లి కాల్చి చంపింది. ఆ ముగ్గురూ నడుపుకున్న కిరాణాకొట్టు బాగా సాగడమే వారి నేరం.

అప్పుడు ఐడా చేసిన పని మనం బాగా గుర్తుంచుకోవాలి. మనకు రక్షణ లేని ఊరిని వదిలిపొమ్మని పత్రికలో పిలుపునిచ్చింది. జనం బళ్లు కట్టుకుని, కాలినడకన కదిలారు. ఉన్నవాళ్లు ట్రాములు ఎక్కడం తగ్గించారు. ట్రాము కంపెనీ అధికారులు ఆమె ఆఫీసుకే వచ్చి, మీవాళ్లను మళ్లీ ఎక్కమని చెప్పండని అడిగారు. ఆమె ఆ మాటలన్నీ పత్రికలో అచ్చువేసింది. చర్చీలకు వెళ్లి, ఇంకా ఎక్కవద్దని చెప్పింది. తొమ్మిదేళ్ల కిందట రైలు నుంచి ఈడ్చివేయబడిన మనిషి దగ్గరికి, ప్రయాణికులను ఇప్పించమని వాళ్లే నడిచొచ్చారు. రోజా పార్క్స్ పేరుతో మనకు తెలిసిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ 1955లో, అంటే దీని తరువాత 63 ఏళ్లకు జరిగింది.

1892 మేలో ఐడా ఊళ్లో లేనప్పుడు మూక ఆమె ప్రెస్సును ధ్వంసం చేసింది. తిరిగొస్తే చంపుతామన్నారు. ఆమె న్యూయార్క్, తరువాత షికాగో చేరి మూకహత్యల లెక్కలు సేకరించి ప్రపంచం ముందు పెట్టింది. 1893, 1894లలో ఇంగ్లండు వెళ్లి ప్రసంగించింది. 1895లో పెళ్లి చేసుకున్నా తన ఇంటిపేరు వదులుకోలేదు. చంటిబిడ్డను ఎత్తుకుని రైళ్లలో తిరుగుతూ సభల్లో మాట్లాడింది. 1913లో వాషింగ్టన్‌లో ఓటుహక్కు కోసం మహిళల ఊరేగింపు జరిగింది. నల్లజాతి స్త్రీలు వెనక నడవాలన్నారు. ఆమె దారిలో కాచుకుని ఉండి, తన రాష్ట్రం వాళ్ల వరుసలోకే వచ్చి కలిసి నడిచింది. తెల్ల ఆడవాళ్ల పెట్టెలోనే కాదు, వారి ఊరేగింపులోనూ చోటు కోసం పోరాడవలసి వచ్చిందన్నమాట.

చివరి రోజుల్లో ఆమె మళ్లీ రైలు దగ్గరికే వచ్చింది, ఈసారి పనివాళ్ల కోసం. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ పెట్టెల్లో నల్లజాతి మగవాళ్లు పోర్టర్లుగా, నల్లజాతి స్త్రీలు మెయిడ్లుగా పనిచేసేవారు. లేడీస్ పెట్టెలో కూర్చోనివ్వని జాతి స్త్రీలే తెల్లదొరసానుల తలలు దువ్వి, పిల్లలను ఆడించేవారు. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ వాళ్లకు యూనియన్ పెట్టినప్పుడు కంపెనీకి భయపడి షికాగోలో చాలామంది నల్లజాతి పెద్దలు మొహం చాటేశారు. ఐడా తన మహిళా సంఘం తరఫున ఆయనను పిలిచి మాట్లాడించింది. ఆ యూనియన్‌తో కంపెనీ ఒప్పందం చేసుకున్నది 1937లో. అది చూడటానికి ఐడా లేదు. 1931 మార్చి 25న షికాగోలో కన్నుమూసింది. 2019లో షికాగో నగరం నడిబొడ్డున ఒక పెద్ద రోడ్డుకు ఆమె పేరు పెట్టారు. 2020లో పులిట్జర్ గౌరవం దక్కింది.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! ఈ కథ ఎందుకు రాశామో చెబుతాం. ఐడాకు ఆ రైలు సరదా కాదు. రైలెక్కితేనే బడి, బడి ఉంటేనే చెల్లెళ్లకు అన్నం. మన ఆడపిల్లలకు కూడా బస్సు ఎక్కితేనే కాలేజీ. బస్సులో ఎవడో వేధించాడని తెలిస్తే చాలా ఇళ్లలో ముందు మాన్పించేది అమ్మాయి చదువునే. కాబట్టి సీటు చిన్న విషయం కాదు. రేపు మనలో కొందరు కండక్టర్లవుతారు, డ్రైవర్లవుతారు, అధికారులవుతారు. డ్యూటీ దిగిన ఆడమనిషికి డిపోలో ఒక మరుగుదొడ్డి, విశ్రాంతి గది ఉన్నాయా అని అప్పుడు మనమే అడగాలి. ఇక బస్సులో ఒక అమ్మాయి నిలబడి వాదిస్తుంటే, ఆనాటి పెట్టెలో చప్పట్లు కొట్టినవాళ్లలా చూస్తూ కూర్చోకుండా ఆమె పక్కన నిలబడదాం. ఐడాకు ఆ రోజు అలా నిలబడే మనిషి ఒక్కరూ దొరకలేదు.