అడుగులతో లెక్క నేర్పిన పెస్టలోజీ

లెక్కల తరగతిలో పిల్లలు కదలరాదు, ఆటస్థలములో లెక్కలు తలపెట్టరాదు అను నియమము పెక్కు పాఠశాలలలో కనబడును. ఈ రెండింటి నడుమ గోడ అక్కరలేదని తన బోధనలో చూపినవాడు స్విట్జర్లాండు దేశస్థుడగు యోహాన్ హైన్‌రిఖ్ పెస్టలోజీ.

ఆయన 1746 జనవరి 12వ తేదీన జ్యూరిక్ నగరమున జన్మించెను. వైద్యుడగు తండ్రి 1751లో గతించుటచే తల్లియు, ఇంటి దాసియు ఆయనను కడు పొదుపుగా పెంచిరి. బట్టలును చెప్పులును అరిగిపోవునను భయముచే వీధిలో ఆడుకొననీయరైరి. ఆటలకు దూరమైన ఆ బాల్యమును ఆయన ముదిమి వరకు మరువలేదు.

1774లో న్యూహోఫ్ అను తన వ్యవసాయక్షేత్రమున బీద పిల్లలను చేరదీసి, నూలు వడకుట, నేయుట నేర్పుచు, ఆ పనుల నడుమనే చదువు చెప్పించెను. అప్పులు పెరిగి, భార్య తెచ్చిన ధనము కూడ హరించి, 1780లో ఆ సంస్థ మూతపడెను. అయినను ఆ అనుభవము వ్యర్థము కాలేదు. 1781 మొదలుకొని వెలువడిన ‘లీన్‌హార్డ్, గెర్ట్రూడ్’ నవలలో తాపీపనివాని ఇల్లాలు తన పిల్లలను గదిలో ఈ చివరనుండి ఆ చివరకు నడిపించి అడుగులు లెక్కపెట్టించును. కిటికీలో ఐదేసి అద్దములుగల రెండు వరుసలను చూపి పదుల పొందిక తెలుపును. వడకునప్పుడు పోగులను, చిలపలుగా చుట్టునప్పుడు చుట్లను లెక్కింపజేయును. వేరే పలక లేదు, పుస్తకము లేదు. పది అను మాటను వల్లించుట వేరు. పదియవ అడుగు వేసి గోడను తాకుట వేరు. ఈ భేదమును పట్టుకొనుటయందే పెస్టలోజీ ఘనత యున్నదని నా తలంపు.

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సేనలు స్టాన్స్ పట్టణమును ధ్వంసము చేసెను. అచటి అనాథ బాలుర భారము పెస్టలోజీపై పడెను. 1799 ఆరంభమున దాదాపు ఎనుబదిమంది పిల్లలను ఒక గృహకార్యకర్తృ సాయముతో సాకెను. జూన్‌లో సైన్యము ఆ భవనమును ఆసుపత్రిగా మార్చుటచే ఆ పనియు ఆగిపోయెను. ఏబదిమూడేండ్ల వయస్సున బర్గ్‌డోర్ఫ్‌లో ఒక చెప్పులుకుట్టువాడు నడపు బడిలో సామాన్యోపాధ్యాయుడుగా చేరెను! అచటి తల్లిదండ్రులు ఈ క్రొత్త బోధన మాకు వలదనిరి. ఆయన వేరొక బడికి మారి తన పద్ధతిని నిలిపెను.

1801లో వెలువడిన గ్రంథమున, అక్షరములకు వలెనే శరీరచలనములకును ఓనమాలు ఉండవలెనని ఆయన సూచించెను. కొట్టుట, మోయుట, విసరుట, నెట్టుట, లాగుట, త్రిప్పుట వంటి చేష్టలే ఆ ఓనమాలు. 1807లో శరీరశిక్షణపై ప్రత్యేకముగా వ్రాసెను.

1805 నుండి ఇరువదేండ్లు ఇవర్డన్ కోటలో ఆయన పాఠశాల సాగెను. పిల్లలు కొండలెక్కిరి, చలికాలమున మంచుపై జారిరి. బ్యూరన్ లోయకు నడిచి పోయి, అచటి బంకమట్టిని తెచ్చి, చూచిన లోయనే బల్లపై మలచిరి. తరువాత కిండర్‌గార్టెన్‌ను స్థాపించిన ఫ్రోబెల్ 1808 నుండి రెండేండ్లు అచట నుండెను. పదునాలుగేండ్ల వరకు వ్రాత రాని యాకోబ్ స్టైనర్ అను రైతుబిడ్డ 1814లో అచట చేరి, పిదప ఐరోపాలోని గొప్ప రేఖాగణితజ్ఞులలో ఒకడయ్యెను.

అయితే ఇవర్డన్‌లో అంతయు చక్కగా జరిగినదనరాదు. గీతల పట్టికలతో నోటిలెక్కలు చేయించు అభ్యాసము మితిమీరెను. పిల్లల వేగమునకు సందర్శకులు ఆశ్చర్యపడిరి. గణితమునకు ఇంత ప్రాధాన్యమేలయని 1809లో పాఠశాలను పరిశీలించిన ఫాదర్ గిరార్ కలతచెందెను. కీళ్ళ వ్యాయామములును క్రమముగా యాంత్రికములయ్యెను. అడుగులు లెక్కపెట్టించిన తల్లి ఆ పట్టికలను చూచిన ఏమనియుండెడిదో!

సహోపాధ్యాయుల కలహములచే 1825లో ఆ పాఠశాల మూతపడెను. పెస్టలోజీ న్యూహోఫ్‌కు మరలి, 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణమున కన్నుమూసెను. ఆయనను బిర్ గ్రామములో, పాఠశాల ప్రక్కనే సమాధి చేసిరి. 1846లో, ఆయన జన్మించి నూరేండ్లు నిండినప్పుడు, బిర్ పాఠశాల గోడనే స్మారకచిహ్నముగా మలచిరి.