రావి నారాయణరెడ్డి

మానవ జీవితం ఎనిమిది దశలలో వికసిస్తుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించారు. ప్రతి దశలోనూ ఒక సంఘర్షణ ఎదురవుతుంది. దానిని పరిష్కరించుకొనే తీరును బట్టి వ్యక్తిత్వం రూపొందుతుంది. తెలంగాణ ప్రజల హక్కులకై పోరాడిన రావి నారాయణరెడ్డి జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

నారాయణరెడ్డి 1908లో నల్లగొండ జిల్లా భువనగిరి సమీపాన గల బొల్లేపల్లిలో, భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. ఆనాడు నిజాం రాజ్యంలో దళితులూ, చేతివృత్తులవారూ దొరల గడీలలో వెట్టిచాకిరి చేయవలసి వచ్చేది. కౌమారంలో తానెవరన్న ప్రశ్న ప్రతి మనిషికీ ఎదురవుతుందని ఎరిక్సన్ అభిప్రాయం. దొరబిడ్డకు ఆ సమాధానం పుట్టుకతోనే సిద్ధంగా ఉంటుంది. నారాయణరెడ్డి దానిని స్వీకరించలేదు. హైదరాబాదులో విద్యాభ్యాసం చేసి, హరిజన సేవా సంఘం ద్వారా అస్పృశ్యతా నివారణకు కృషి చేశారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

యౌవనంలోని సంఘర్షణ సాన్నిహిత్యానికీ ఏకాకితనానికీ మధ్య జరుగుతుంది. తన వర్గానికి దూరమైన నారాయణరెడ్డి సామాన్యులకు ఆత్మీయులయ్యారు. 1941లో చిలుకూరులోనూ, 1944లో భువనగిరిలోనూ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. సభ్యత్వ రుసుమును అణాకు తగ్గించడంతో పేద రైతులకూ అందులో చోటు దొరికింది. మితవాదులు వైదొలగినా, పల్లె ప్రజలు దానిని తమ 'సంఘం'గా భావించారు.

రాబోయే తరాలకు మేలు చేయాలన్న తపన నడివయస్సు లక్షణం. దీనినే ఎరిక్సన్ ఉత్పాదకత అన్నారు. నారాయణరెడ్డి తమ భూములను పేదలకు పంచిపెట్టారు. 1947 సెప్టెంబరు 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. అప్పుడు ఆయనకు మరింత కఠినమైన పరీక్ష ఎదురైంది. పోరాటాన్ని ఇక విరమించాలని ఆయన భావించారు. సహచరులలో అనేకులు కొనసాగించాలన్నారు. ఒకనాడు తన వర్గాన్ని ఎదిరించిన వ్యక్తి, ఈసారి తన పార్టీలోని వారితోనే విభేదించవలసి వచ్చింది. సొంతవారి నింద భరించడం శత్రువుతో పోరాడటం కన్న కష్టం. అయినా ఆయన తన అభిప్రాయాన్ని దాచుకోలేదు. 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు ఆయనను దేశంలోనే అత్యధిక ఓట్లతో, నెహ్రూ కన్న ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు.

గడిచిన జీవితాన్ని తృప్తితో అంగీకరించడమే వార్ధక్యంలో చిత్తసమగ్రత. నారాయణరెడ్డి తన ఉద్యమానుభవాలను గ్రంథస్థం చేసి తరువాతి తరాలకు అందించారు. 1991లో మరణించారు. 1992లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఎరిక్సన్ చెప్పిన దశలు అందరి జీవితాలలోనూ వస్తాయి. ఆ దశలలో తనకు లాభం కలిగించే మార్గాన్ని విడిచి, న్యాయమని తోచిన మార్గాన్ని ఎన్నుకోవడం నారాయణరెడ్డి ప్రత్యేకత.