కోడి రామ్మూర్తి: బలం ఉండి కూడా బడికి వెళ్లిన పయిల్వాన్

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇప్పుడు జిమ్ బోర్డులు మామూలైపోయాయి. డిగ్రీ పూర్తయ్యి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లలో కొందరు పర్సనల్ ట్రైనర్ పని వైపు చూస్తున్నారు. కండలున్నాయి, బరువులు ఎత్తగలరు. కానీ తండ్రి వయసున్న మనిషి ఎదురుగా నిలబడి, అలా కాదు ఇలా చెయ్యండి అని చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పెగలదు. ఇంట్లో అమ్మీ, అబ్బా అడిగేది ఇంకొకటి. ఇదీ ఒక పనేనా అని.

వందేళ్లకు పైగా కిందట ఇదే పనిలోకి దిగిన తెలుగువాడు కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడు అంటే ఆయనే. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన ఒక హైస్కూల్లో పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారు అన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు. ఏనుగు కథ కంటే ఈ కథే కొత్త ట్రైనర్లకు ఎక్కువ పనికొస్తుంది.

1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో పుట్టారు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోయింది. చదువు మీద కంటే కసరత్తు మీదే ధ్యాస. తెల్లారకముందే ఊరి చెరువు దగ్గరికి వెళ్లి కసరత్తు చేసేవారట. కొడుకు దారిలో పడతాడని తండ్రి ఆయన్ను విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న చిన్నాన్న నారాయణస్వామి నాయుడు ఇంటికి పంపారు. చిన్నాన్న కుర్రాడి ఇష్టాన్ని అడ్డుకోలేదు, వ్యాయామశాలలో చేర్పించారు. ఇంట్లో ఒక్కరైనా ఇలా ఒప్పుకుంటే ఎంత తేడా వస్తుందో చాలా కుటుంబాలకు తెలిసిందే.

అక్కడ కుస్తీ నేర్చుకున్నారు. 21 ఏళ్లకు ఛాతీ మీద టన్నున్నర బరువు మోసేవారని, తర్వాత అది 3 టన్నులకు చేరిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. అంత బలం ఉన్నవాడికి ఇంక ఎవరి దగ్గరా నేర్చుకునే అవసరం ఏముంది? వెంటనే ఒక తాలింఖానా తెరుచుకుని కూర్చున్నా జనం వచ్చేవాళ్లే.

ఆయన అలా చెయ్యలేదు. మద్రాసు దగ్గర సైదాపేటకు వెళ్లి, ఏడాది పాటు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నారు. ఆసియాలో మొదటిదిగా చెప్పే వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మద్రాసులో మొదలైంది 1920లో. దానికి ఎన్నో ఏళ్ల ముందే ఈ సంగతి జరిగింది. వ్యాయామం నేర్పడానికి కూడా ఒక చదువు ఉంటుందని మన ఊళ్లలో ఎవరూ అనుకోని కాలం.

ఎందుకంటే బరువు ఎత్తడం వేరు, ఎత్తించడం వేరు. మొదటి రోజు జిమ్‌కి వచ్చిన మనిషికి ఎక్కడ నొప్పి ఉందో అడగాలి, ఎంతతో మొదలుపెట్టాలో తెలియాలి, ఎప్పుడు ఆపించాలో ఇంకా బాగా తెలియాలి. ఇవి అద్దం ముందు కండలు చూసుకుంటే రావు. కొత్త ట్రైనర్ గొంతు వణికేది చాలాసార్లు పిరికితనం వల్ల కాదు, ఎదుటివాడు ఎందుకు అని అడిగితే జవాబు లేకపోవడం వల్ల. ఆ జవాబు దొరికేది శిక్షణలోనే.

శిక్షణ అయ్యాక రామ్మూర్తి తిరిగొచ్చి చేరింది తను చదువుకున్న విజయనగరం హైస్కూల్లోనే. చదువులో వెనకబడ్డ కుర్రాడిగా తనను చూసిన ఊళ్లోనే మాస్టారుగా నిలబడ్డారన్నమాట. తెలియని ఊళ్లో గురువు కావడం సులువు. తెలిసినవాళ్ల మధ్య కావడమే కష్టం. రేపల్లె కుర్రాడు హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని మళ్లీ రేపల్లెలోనే పని మొదలుపెడితే ఏం ఎదురవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. తెలుగులో పయిల్వాన్లకు గురువును వస్తాదు అంటారు. అది మన ఉస్తాదే. తాలింఖానా, కుస్తీ, పయిల్వాన్ కూడా ఉర్దూ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలే. ఒళ్లు తీర్చిదిద్దే పనికి ఈ నేల మీద ఎప్పటి నుంచో మర్యాద ఉంది, ఉస్తాద్ అన్న పేరు ఊరికే ఇవ్వరు.

అదే కాలంలో బయట కూడా ఇది వృత్తిగా మారుతోంది. యూజిన్ శాండో 1897లో లండన్‌లో వ్యాయామ సంస్థ పెట్టాడు, తర్వాత ఐదో జార్జి రాజుకు వ్యాయామ గురువయ్యాడు. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్తే, ఎత్తు చాలదని పోటీల్లోకి రానివ్వలేదు. ఆయన వాదన పెట్టుకోలేదు, ఎవరైనా సరే రమ్మని బహిరంగంగా సవాల్ విసిరారు. అమెరికన్ రోలర్‌ను ఓడించారు. సెప్టెంబర్ 10న జిబిస్కోతో కుస్తీ రెండు గంటలు దాటినా తేలలేదు. 17న మళ్లీ పెడితే జిబిస్కో రానే లేదు.

రామ్మూర్తి మాస్టారు పనిలోనే ఉండిపోలేదు. పొట్టి పంతులు అనే మిత్రుడి ప్రోత్సాహం, తుని రాజా సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంపడం, రెండు కార్లను చేతులకు కట్టించుకుని కదలకుండా ఆపడం, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకోవడం. చూసినవాళ్లు అద్భుతం అన్నారు గానీ, అన్నిటి వెనకా ఉన్నది శ్వాస మీద పట్టు, కొంచెం కొంచెంగా పెంచుకున్న బరువు. మాంసం ముట్టలేదు, శాకాహారమే. తిలక్ పుణెకు పిలిపించారు, లండన్‌లో రాజ దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు.

డబ్బు బాగా వచ్చింది. వచ్చింది వచ్చినట్టు దానాలకు, దేశ ఉద్యమానికి పోయింది. లెక్క చూసేవాళ్లకు ఇది కొంచెం బాధగానే ఉంటుంది, ఎందుకంటే చివరి రోజులకు పెద్దగా ఏమీ మిగల్లేదు. కాలికి జబ్బు చేసి, కాలే తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, శ్వాస బిగించి ఆపరేషన్ చేయించుకున్నారని చెప్తారు. ఆఖరి కాలం ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు.

విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.