చెవి వైద్యుడి ఇంట్లో చెవి జబ్బు

'హ్యాపీ ప్రిన్స్' కథ మీరు చదివే ఉంటారు. ఎత్తైన స్తంభం మీద నిలబడిన రాకుమారుడి విగ్రహం తన ఒంటి మీది బంగారు రేకులను చిన్న పిట్టతో పేదలకు పంపించేసే కథ. దాన్ని రాసిన ఆస్కార్ వైల్డ్ 46 ఏళ్లకే కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన్ను కుంగదీసింది చెవిలో చీము, ఆ వెంటే వచ్చిన మెదడువాపు. మరో సంగతి వింటే మీకు ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన తండ్రి ఆ రోజుల్లో పేరుమోసిన చెవి వైద్యుడు!

తండ్రి చేసిన హెచ్చరిక

ఆస్కార్ 1854 అక్టోబరు 16న ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి విలియం వైల్డ్ 1844లో అదే నగరంలో కంటి, చెవి జబ్బులకు ఆసుపత్రి పెట్టారు. చెవి జబ్బుల మీద 1853లో ఆయన రాసిన పుస్తకం వైద్యులకు చాలాకాలం దారి చూపింది. చెవి కారడాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయొద్దని, అది ప్రాణం మీదికి తేగలదని అందులో గట్టిగా చెప్పారు. చెవి వెనక ఎముకలో చీము పట్టినప్పుడు అక్కడ కోసి చీమును బయటకు తీసే పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. 1864లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. 1876లో మరణించారు.

జైలు గదిలో చెవిపోటు

ఆస్కార్ వైద్యం వైపు వెళ్లలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి లండన్‌లో రచయితగా స్థిరపడ్డారు. పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు కొడుకులు పుట్టారు. 'హ్యాపీ ప్రిన్స్' సహా పిల్లల కథల సంపుటి 1888లో వచ్చింది. నాటకాలతో పేరు మారుమోగుతున్న వేళ, 1895లో స్వలింగ సంబంధాల నేరం మీద రెండేళ్ల కఠిన శిక్ష పడింది.

జైల్లో కుడిచెవి బాధ ముదిరింది. చీము పట్టి కర్ణభేరికి చిల్లు పడింది, వినికిడి తగ్గిపోయింది. చెవికి సరైన వైద్యం అందడం లేదని 1896లో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. చెవి జబ్బు ఎక్కడిదాకా పోతుందో ఆ తండ్రి కొడుకుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1897లో విడుదలై ఫ్రాన్స్ వెళ్లిపోయారు. 1900 అక్టోబరు 10న పారిస్‌లోని ఓ హోటల్ గదిలోనే చెవికి శస్త్రచికిత్స జరిగింది. కొద్ది వారాలు కాస్త తేరుకున్నట్టే అనిపించింది. నవంబరు చివరికి తలనొప్పి ఎక్కువై, మాట తడబడి, స్పృహ తప్పసాగింది. మెదడుకు, దాని పొరలకు వాపు వచ్చిందని వైద్యులు తేల్చారు. నవంబరు 30న ప్రాణం పోయింది. మూలం వేరే జబ్బని వాదించిన జీవితచరిత్రకారులూ ఉన్నారు. కానీ పాత వివరాలన్నీ పరిశీలించి 2000లో 'లాన్సెట్' వైద్యపత్రికలో రాసిన వైద్యులు మాత్రం, చెవిలో దీర్ఘకాలంగా ఉన్న జబ్బే మెదడుకు పాకిందని అభిప్రాయపడ్డారు.

అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. పెన్సిలిన్‌ను గుర్తించిందే 1928లో.

మీ పాపాయి సంగతి

వైల్డ్ పెద్దవారు. మరి పసిపిల్లల ప్రస్తావన ఎందుకంటారా? మధ్యచెవి ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా వచ్చేది వారికే కాబట్టి. గొంతు వెనక నుంచి మధ్యచెవికి వెళ్లే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది తేలిగ్గా మూసుకుపోతుంది, లోపల చీము చేరుతుంది. చాలామందికి ఇది కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది, భయపడక్కర్లేదు.

అరుదుగా మాత్రం ఇన్‌ఫెక్షన్ పక్కకు పాకుతుంది. మధ్యచెవికీ మెదడుకూ మధ్య ఉన్నది పల్చటి ఎముక. చెవి వెనక ఎముక తేనెపట్టులా గాలి గదులతో ఉంటుంది. చీము ఆ గదుల్లోకి చేరితే ఎముకకు వాపు వస్తుంది. అక్కడి నుంచి ముఖ నరానికి, లోపలి చెవికి, మెదడు పొరలకు, మెదడులోని పెద్ద సిరకు పాకొచ్చు. మెదడులో చీముగడ్డ కూడా ఏర్పడొచ్చు.

తల్లిదండ్రులు పొరబడేది ఒకచోట. రాత్రంతా ఏడ్చిన బిడ్డ పొద్దున నొప్పి తగ్గి ఆడుకుంటుంది, దిండు మీద చీము కనిపిస్తుంది. జబ్బు పోయిందనుకుంటారు. నిజానికి కర్ణభేరికి చిల్లు పడి లోపలి ఒత్తిడి తగ్గింది, అంతే. చిల్లు చాలావరకు దానంతట అదే పూడుతుంది. పూడిందో లేదో డాక్టర్ చూసి చెప్పాలి. చీము వారాల తరబడి కారుతుంటే, ముఖ్యంగా దుర్వాసన వస్తుంటే, లోపల చర్మం తిత్తిలా పెరిగి ఎముకను తినేస్తుండొచ్చు. దీనికి శస్త్రచికిత్స అవసరమవుతుంది.

ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి

• చెవి వెనక ఎరుపు, వాపు. చెవి ముందుకు తోసుకొచ్చినట్టు ఉండటం
• మూతి ఒక పక్కకు పోవడం, ఒక కన్ను మూసుకోకపోవడం
• తగ్గని జ్వరంతో పాటు వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం
• మగత, ఫిట్స్, నడకలో తూలిపోవడం
• పసికందు పాలు తాగకపోవడం, మాడు మీద మెత్తటి భాగం ఉబ్బడం

మీరు చేయగలిగినవి

చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి రసం, తల్లిపాలు పోయకండి. చీము కారుతుంటే స్నానం చేయించేటప్పుడు వ్యాజ్‌లైన్ రాసిన దూది చెవి బయట అడ్డుపెట్టండి. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. పడుకోబెట్టి సీసా పాలు పట్టకండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకుండా చూసుకోండి. ఆరు వారాలు, 14 వారాలు, 9 నెలలకు ఇచ్చే న్యూమోకాకల్ టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం, తప్పకుండా వేయించండి.

విలియం వైల్డ్‌కు జబ్బు తెలుసు, మందు లేదు. ఆ మందు ఇప్పుడు మీ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతుంది. బిడ్డ చెవి కారితే, నొప్పి లేకపోయినా, ఒకసారి చూపించండి.