గుంటూరులో సూర్యుని పరిశీలించిన జాన్సెన్

విజయవాడవద్ద కృష్ణ దాటి గుంటూరు వెళ్లు మనలో ఎందరము ఆ ఊరికి ఖగోళశాస్త్ర చరిత్రలోగల స్థానమును ఎరుగుదుము?

పియెర్ జాన్సెన్ 1824లో పారిసు నగరమున జన్మించెను. బాల్యములో జరిగిన ప్రమాదమువలన ఆయన జీవితాంతము కుంటుచునే నడచెను. అయినను సూర్యుని పరిశీలించుటకు ఎంత దూరమైనను పోవుచుండెను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకు ఆయన గుంటూరు వచ్చెను. చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషములలో సూర్యుని అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడెను. కాంతిని రంగులుగా విడదీయు స్పెక్ట్రోస్కోపుతో చూడగా, అందు మిక్కిలి వేడియైన హైడ్రోజను వాయువున్నదని తేలెను. గ్రహణము విడిచినది గాని ఆయన ఆలోచన విడువలేదు. ఆ జ్వాలలు నిత్యము అక్కడనే ఉండును గదా! మన వాతావరణము చెదరగొట్టు సూర్యకాంతియే వాటిని మరుగుచేయుచున్నది. స్పెక్ట్రోస్కోపు ఆ ఆకాశకాంతిని వెడల్పుగా పరచి పలుచన చేయును. జ్వాలల కాంతి కొన్ని గీతలలోనే ఇమిడియుండుటచేత ప్రకాశము తగ్గదు. మరునాడు పట్టపగలే ఆయన వాటిని చూచెను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాకియరు కూడ ఈ పద్ధతిని స్వయముగా కనుగొనెను. అట్టి కాంతిలోని పసుపు గీతయే హీలియము జాడ తెలిపెను. 1895లో రామ్సే ఆ వాయువును భూమిమీద కనుగొనెను.

1870లో శత్రువులు పారిసును ముట్టడించియుండగా జాన్సెన్ బెలూనులో తప్పించుకొని, మరియొక గ్రహణమునకై ఆల్జీరియా చేరెను. మబ్బులు అడ్డగించి శ్రమయంతయు వ్యర్థమాయెను. మరుసటి సంవత్సరమే ఆయన మన దక్షిణదేశమునకు మరల వచ్చి, నీలగిరులనుండి గ్రహణమును చూచెను. 1907లో మరణించెను.

గుంటూరులో ఆయన చూచిన వంటి జ్వాలలు నేటి మధ్యాహ్నమునను మన తలలపైనే ఉన్నవి. వాటిని మనకు దాచుచున్నది చీకటి కాదు, వెలుగే.