గాడిదలను వెతకబోయి రాజైన సౌలు



దావీదు కథ అందరికీ తెలుసు. చిన్న పిల్లవాడు వడిసెల రాయితో గొల్యాతును పడగొట్టాడని చెప్తారు. అప్పుడు ఆ దేశానికి రాజు ఎవరు అని నేను మన రూములో అడిగితే ఇద్దరే చెప్పగలిగారు. ఆయన పేరు సౌలు. ఇశ్రాయేలీయుల మొట్టమొదటి రాజు. ఆయన చేసిన తప్పులు చాలా ఉన్నవి, అవి కూడా రాస్తాను. అయినా నాకు దావీదు కన్నా ఈయన గురించే రాయాలనిపించింది.

ఇది సుమారు 3000 సంవత్సరాల క్రిందటి సంగతి. యూదుల పవిత్ర గ్రంథంలో, అంటే క్రైస్తవులు పాత నిబంధన అంటారే అందులో, సమూయేలు పేరున్న రెండు గ్రంథాలలో సౌలు కథ ఉన్నది. 1993లో దాను అనే చోట తవ్వకాలలో దొరికిన రాతి మీద దావీదు వంశం అని చెక్కి ఉంది. సౌలుకు అలాంటి రాయి కూడా లేదు. ఉన్నది ఈ కథే.

ఇశ్రాయేలీయులు 12 గోత్రాలవాళ్లు. మా కోయలలో గట్టులు ఉన్నట్టు అనుకోండి. వాళ్లకు రాజు లేడు. ఆపద వస్తే ఎవరో ఒక పెద్ద లేచి జనాన్ని పోగు చేసేవాడు. ఆ గోత్రాలలో అన్నిటికన్నా చిన్నది బెన్యామీను గోత్రము. ఎందుకు చిన్నదైంది అంటే, ఒకప్పుడు మిగతా గోత్రాలన్నీ కలిసి వాళ్ల మీద యుద్ధం చేసినవి. 600 మంది మగవాళ్లే మిగిలారు. ఒక గోత్రమే లేకుండా పోతుందే అని తర్వాత ఏడ్చి, యొర్దాను నదికి అవతల ఉన్న యాబేష్గిలాదు అనే ఊరి మీద పడి, అక్కడి జనాన్ని చంపి, 400 మంది ఆడపిల్లలను తెచ్చి వీళ్లకు పెళ్లి చేశారు. ఆ పిల్లలను ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఊరి పేరు మాత్రం గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ చిన్న గోత్రంలో గిబియా ఊరివాడు సౌలు. తండ్రి పేరు కీషు. సౌలు ఎంత పొడుగంటే జనంలో నిలబడితే అందరూ ఆయన భుజాల దాకానే వచ్చేవారు. ఒకరోజు కీషు గాడిదలు తప్పిపోయినవి. పనివాడిని తీసుకుపోయి వెతకమని తండ్రి పంపించాడు. మేకలు తప్పిపోతే ఎట్లా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. అవి దొరక్క ఇంటికి పోవాలంటే కాళ్లు రావు. సౌలు కొండలన్నీ తిరిగాడు. సంచిలో రొట్టెలు అయిపోయినవి. ఇక పోదాం, నాన్న గాడిదల సంగతి మరచి మన కోసం దిగులు పడతాడు అన్నాడు. పనివాడేమో ఈ ఊళ్లో ఒక దైవజనుడు ఉన్నాడు, ఆయన్ని అడుగుదాం అన్నాడు. ఇవ్వడానికి పనివాడి దగ్గరున్న పావు తులం వెండి తప్ప ఏమీ లేదు. నీళ్లకు పోతున్న ఆడపిల్లలు వాళ్లకు దారి చెప్పారు.

ఆ దైవజనుడే సమూయేలు ప్రవక్త. గాడిదలు దొరికినవి, దిగులు పడవద్దు అని చెప్పి, సౌలును పెద్దల పంక్తిలో ముందు కూర్చోబెట్టి, ఆయన కోసం తీసిపెట్టిన మాంసం పెట్టించాడు. తెల్లవారి తల మీద నూనె పోసి నువ్వే రాజువు అన్నాడు. మా గోత్రమే చిన్నది, మా ఇల్లు ఇంకా చిన్నది అని సౌలు ముందే చెప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక చిన్నాన్న అడిగితే గాడిదల మాట చెప్పాడు గాని రాజరికం మాట చెప్పలేదు.

తర్వాత మిస్పాలో జనమంతా కూడి చీట్లు వేస్తే సౌలు పేరే వచ్చింది. చూస్తే మనిషి లేడు! సామానుల మధ్య దాక్కున్నాడు. లాక్కొచ్చి నిలబెట్టారు. వీడు మనల్ని ఏం కాపాడతాడు అని కొందరు ఎగతాళి చేశారు. సౌలు విననట్టు ఊరుకున్నాడు. మళ్లీ పొలానికే పోయాడు.

అంతలో అమ్మోనీయుల రాజు నాహాషు యాబేష్గిలాదును ముట్టడించాడు. లొంగిపోతాము అంటే, అందరి కుడికళ్లు పెరికితేనే ఒప్పుకుంటాను అన్నాడు. ఊరి పెద్దలు 7 రోజులు గడువు అడిగారు. కబురు గిబియాకు వచ్చేసరికి జనం ఘొల్లుమన్నారు. ఎద్దుల వెనకాల పొలం నుంచి వస్తున్న సౌలు విన్నాడు. కోపంతో ఒక కాడి ఎద్దులను ముక్కలు చేసి అన్ని గోత్రాలకూ పంపి, రానివాడి ఎద్దులకు ఇదే గతి అన్నాడు. అందరూ ఒక్క మనిషి లాగా వచ్చారు. తెల్లవారుజామున మూడు గుంపులుగా పడి, ఎండెక్కేసరికి యాబేషును విడిపించారు. అప్పుడు ఎగతాళి చేసినవాళ్లను చంపుదాం అని జనం అంటే, ఈ రోజు ఎవ్వరూ చావకూడదు అని సౌలు ఆపాడు. సౌలు కథలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

అసలు శత్రువులు ఫిలిష్తీయులు. వాళ్లు ఇశ్రాయేలులో ఒక్క కమ్మరి కూడా లేకుండా చేశారు. కత్తులు చేసుకుంటారని. నాగటి కర్రు, గొడ్డలి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే పోయి డబ్బులిచ్చుకోవాలి. కర్రుకు ఒక పీము వెండి. పీము అని చెక్కిన చిన్న తూకపు రాళ్లు తవ్వకాలలో దొరికాక అది ఎంతో తెలిసింది. 7, 8 గ్రాములు. యుద్ధం రోజున సౌలుకు, ఆయన కొడుకు యోనాతానుకు తప్ప ఎవరి చేతిలోనూ కత్తి లేదు.

ఇక్కడి నుంచి సౌలు చెడిపోవడం మొదలైంది. సమూయేలు రావడం ఆలస్యమై సైన్యం జారుకుంటుంటే తానే బలి అర్పించాడు. అది రాజు పని కాదని సమూయేలు కోప్పడ్డాడు. తర్వాత అమాలేకీయులను పసిపిల్లలతో సహా చంపమని ఆజ్ఞ వచ్చింది. అది చదివి నాకు భయం వేసింది. సౌలు జాలితో వదిలితే మెచ్చుకునేదాన్ని. కానీ ఆయన వదిలింది రాజును, బలిసిన పశువులను. నీ రాజ్యం పోయింది అని సమూయేలు వెళ్లిపోయాడు. సౌలుకు మనసు చెడింది. సితార వాయించడానికి దావీదు వచ్చాడు. గొల్యాతు చచ్చాక ఆడవాళ్లు పాటలో దావీదును ఎక్కువ చేసి పాడేసరికి అసూయ పట్టుకుంది. ఈటె విసిరాడు. సౌలు కూతురు మీకాలు దావీదుకు భార్య. ఆమె భర్తను కిటికీ నుంచి దించి తప్పించింది.

దావీదుకు రొట్టె ఇచ్చారని నోబు ఊరిలో 85 మంది యాజకులను సౌలు చంపించాడు. సొంత భటులే మేము చంపము అన్నారు. దోయేగు అనే పరాయివాడు చంపాడు. ఊళ్లో ఆడవాళ్లను, పిల్లలను కూడా వదల్లేదు. ఎగతాళి చేసినవాళ్లనే వదిలేసిన మనిషి ఈ పని చేశాడంటే నమ్మబుద్ధి కాలేదు. దీన్ని నేను క్షమించలేను.

చివరికి ఫిలిష్తీయులు గిల్బోవ కొండ దగ్గరికి దండెత్తి వచ్చారు. సమూయేలు చనిపోయి ఉన్నాడు. సోదె చెప్పేవాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టింది సౌలే. ఇప్పుడు వేషం మార్చుకుని, రాత్రి ఏన్దోరులో సోదె చెప్పే ఆమె దగ్గరికే పోయాడు. సమూయేలు కనిపించి, రేపు నువ్వూ నీ కొడుకులూ నా దగ్గరికి వస్తారు అన్నాడు. సౌలు నేల మీద పడిపోయాడు. పగలూ రాత్రీ ఏమీ తినలేదు. ఆమె తనను తరిమిన రాజని తెలిసి కూడా, ఇంట్లో పెంచుకున్న దూడను కోసి, పిండి పిసికి రొట్టెలు చేసి, బతిమాలి తినిపించింది. ఆయన చివరి అన్నం అదే.

మరునాడు యోనాతానుతో కలిపి ముగ్గురు కొడుకులు చచ్చిపోయారు. బాణాలు తగిలిన సౌలు శత్రువుకు దొరకకుండా తన కత్తి మీదే పడ్డాడు. ఫిలిష్తీయులు తల నరికి, శవాలను బేత్షాను ఊరి గోడకు వేలాడదీశారు.

ఇశ్రాయేలు అంతా పారిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు. నది అవతల యాబేష్గిలాదువాళ్లు విన్నారు. కళ్లు దక్కిన ఊరు అది. బలమైనవాళ్లు లేచి రాత్రంతా నడిచారు. గోడ మీది నుంచి నాలుగు శవాలను దించి తెచ్చి, దహనం చేసి, ఎముకలను పిచుల చెట్టు కింద పాతిపెట్టి, 7 రోజులు ఉపవాసం ఉన్నారు. గడువు కూడా 7 రోజులే కదా.

చాలా ఏళ్లకు దావీదు రాజుగా ఉన్నప్పుడు కరువు వచ్చింది. సౌలు పాపం వల్లనే అని ఆయన సంతానంలో ఏడుగురిని కొండ మీద ఉరి తీశారు. అందులో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు. ఆమె బండ మీద గోనె పరుచుకుని, యవల కోత మొదలు వానలు పడే దాకా, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను తోలుతూ కూర్చున్నది. ఆ మాట దావీదు చెవిన పడింది. అప్పుడు యాబేషు నుంచి సౌలు ఎముకలు, యోనాతాను ఎముకలు తెప్పించాడు. బెన్యామీను దేశంలో సేలా అనే చోట కీషు సమాధిలో పెట్టించాడు. కీషు అంటే గాడిదలు పోయినవని కొడుకును పంపిన ఆ నాన్నే.