కుంచె వదిలి కెమెరా పట్టిన దీన్‌దయాళ్

మేడ్చల్, షామీర్‌పేట పల్లెలకు దగ్గరి పట్నమైన సికింద్రాబాదులోనే నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ ఫొటో స్టూడియో ఉండేది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన ఆయన, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో సర్కారు కొలువులో నక్షాలు గీసేవారు. గీతలో చెయ్యి తిరిగిన ఆ మనిషి 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు.

తైలవర్ణ చిత్రం గీయించుకునేవారు రోజుల తరబడి కూర్చోవాలి. కెమెరా ముందు కొన్ని క్షణాలు కదలకుంటే చాలు. గీసిన పటం ఒక్కటే. గాజు పలక ఉంటే ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. రంగులు మాత్రం కెమెరాకు చిక్కేవి కావు. కావాలన్నవారు ఫొటోపైనే కుంచెతో వేయించుకునేవారు. ముఖాన ముడత దాచడం చిత్రకారుడి చేతిలో పని. కెమెరాకు అంత మొగమాటం లేదు.

చిక్కల్లా ఘోషా స్త్రీలతోనే. పరాయి మగవాడి ఎదుట కూర్చోరు గనుక వారి రూపం కుంచెకైనా, కెమెరాకైనా అందడం అరుదు. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, ఫొటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను నియమించారు. చుట్టూ ఎత్తైన గోడలు. అంతదాకా ఇంటివారికి తప్ప తెలియని ముఖాలు పటాలకెక్కాయి.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడనే అర్థం. ఆయన 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొన్నది.